పుస్తకానికి సినిమా ఎంత బాకీ?

2023 జూన్‌లో ఆదిపురుష్ వచ్చినప్పుడు దేశమంతా వినబడ్డ ఫిర్యాదే కడియం, రాజమండ్రి చుట్టుపక్కలా వినబడింది. రామాయణం ఇలా ఉండదు, రావణుడి క్రాఫు అలా ఉండదు, హనుమంతుడు అలా మాట్లాడడు అని. ఫిర్యాదులో న్యాయం ఉంది. హనుమంతుడి మాటలు కొన్నిటిని నిర్మాతలే విడుదలయ్యాక మార్చుకున్నారు. కానీ "ఏ రామాయణంలో అలా ఉండదు?" అని ఎదురడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. వాల్మీకిని సంస్కృతంలో చదివినవాళ్ళు ఊరికి ఎందరు? మనలో ఎక్కువమందికి రాముడంటే ఎన్.టి. రామారావు, సీతంటే అంజలీదేవి. వాళ్ళిద్దరూ నటించిన 1963 నాటి లవకుశలో ఊరంతా కన్నీళ్ళు పెట్టుకున్న ఘట్టాలు రెండు: చాకలివాడు వేసిన నింద, కొడుకులు తండ్రి మీదికే బాణం ఎక్కుపెట్టడం. వాల్మీకి ఉత్తరకాండలో ఈ రెండూ లేవు. ఊళ్ళో జనం చెవులు కొరుక్కుంటున్న సంగతి భద్రుడనే వాడు రాజుకి చేరవేస్తాడు. కుశలవులు యజ్ఞం జరిగేచోట రామాయణం పాడతారు. యుద్ధం ఊసే లేదు.

అంటే 2023లో మనం కాపాడదామనుకున్న మూలం చాలా మటుకు పాత సినిమాయే. దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు. అందరికీ తెలిసిన అద్భుత కథని తెరకెక్కించేటప్పుడు పుస్తకానికి ఎంతవరకు కట్టుబడాలన్న ప్రశ్న మన దగ్గర ఎప్పుడూ ఇలాగే వంకరగా నడిచింది. ఆ నడకలో సగం గోదావరి ఒడ్డునే జరిగింది కాబట్టి ఇక్కణ్ణుంచే మొదలుపెట్టడం సబబు. రామాయణ భారతాల్ని ఈ లెక్కలో కలిపితే కొందరికి కోపం రావచ్చు. భక్తి జోలికి పోకుండా, మాయలూ మహిమలూ ఉండి జనం నోట నానిన కథలు అన్న అర్థంలోనే కలుపుతున్నాను.

పదకొండో శతాబ్దంలో రాజమండ్రిలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం చేపట్టినప్పుడే ఈ పేచీ పుట్టాలి. పుట్టలేదు. వ్యాసుడు చెప్పిన శ్లోకానికి పద్యం చొప్పున ఆయన తెనిగించలేదు. వంశావళులూ ధర్మోపదేశాలూ సాగిన చోట కుదించాడు, కథ రక్తి కట్టే చోట నిలబడ్డాడు. తిక్కన ఇంకో అడుగు వేసి భగవద్గీతనే కొద్దిపాటి పద్యాల్లో దాటించేశాడు. మూలాన్ని పాడుచేశారని వాళ్ళని ఎవరూ అనలేదు సరికదా, తెలుగువాళ్ళకి వాళ్ళ భారతమే మూలమైంది.

ఎనిమిది వందల ఏళ్ళు దాటాక అదే రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం నాటకం రాశారు. 1890 నాటి మాట. ఆకాశంలో పోతున్న గయుడనే గంధర్వుడి తాంబూలపు ఉమ్మి అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ణి చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. సంగతి తెలియక వాడికి అభయమిచ్చేశాడు అర్జునుడు. ఇక బావా బావమరుదులు కత్తులు దూసుకోక తప్పదు. వ్యాసభారతంలో ఈ కథ మచ్చుకైనా లేదు. అయినా జిల్లాల వెంట ఆడింది, పుస్తకంగా తెగ అమ్ముడుపోయింది. 1963లో కె.వి. రెడ్డి దాన్ని శ్రీకృష్ణార్జున యుద్ధముగా తీస్తే రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అర్జునుడు. భారతంలో లేని యుద్ధాన్ని చూసి ఇది మూలంలో లేదు కదా అని లేచినవాళ్ళు లేరు. కృష్ణుడు కృష్ణుడిలాగే పంతం పట్టాడు, అర్జునుడు అర్జునుడిలాగే మాట తప్పలేదు. ప్రేక్షకుడు కొలిచింది ఆ స్వభావాన్ని. నా వాదమంతా ఇక్కడే ఉంది: మన జనం సంఘటనలు మారిస్తే క్షమిస్తారు, మనిషి గుణం మారిస్తే క్షమించరు.

ఇక అచ్చంగా జనరంజకమైన అద్భుత కథల పుస్తకం అంటే కాశీ మజిలీ కథలే. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఈ పన్నెండు భాగాలు రాజమండ్రి అచ్చుకూటాల నుంచి ఊరూరికీ చేరాయి. కాళహస్తి తమ్మారావు అండ్ సన్స్ వారి ప్రతులు ఈ తాలూకాల్లో ఎన్ని ఇళ్ళ అటకల మీద ఉండేవో చెప్పలేం. కాశీకి నడిచిపోతున్న మణిసిద్ధుడనే యతి, ఆయన వెంట తోడొచ్చిన గొల్ల కుర్రాడు. దారిలో మజిలీ చేసిన ప్రతిచోటా కుర్రాడు ఏదో వింత చూసి అడుగుతాడు, యతి దానికో కథ చెబుతాడు. ఆ కథలో మరో మనిషి మరో కథ ఎత్తుకుంటాడు. కథాసరిత్సాగరం, విక్రమార్కుడు, భోజరాజు, అరేబియా కథల ఛాయలు, పల్లెల్లో చెప్పుకునేవి, అన్నీ ఇందులో కలిశాయి. భాష గ్రాంథికం. అయినా అక్షరం వచ్చిన అమ్మమ్మలు మధ్యాహ్నం వేళ పైకి చదువుతుంటే రానివాళ్ళు చుట్టూ చేరేవారు.

ఇలాంటి పుస్తకానికి సినిమా కట్టుబడాలంటే దేనికి కట్టుబడాలి? రచయిత స్వయంగా వందచోట్ల నుంచి ఏరి తెచ్చి తన పద్ధతిలో తిరగ చెప్పినవాడు. మూలం అనుకున్నదే మరో మూలానికి అనుసరణ.

1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పెట్టి సంపూర్ణ రామాయణం తీసినా, సినిమా పరిశ్రమ చివరికి మద్రాసులో స్థిరపడింది. జానపదానికి తెర మీద గిరాకీ ఉందని గట్టిగా తేల్చింది కాకినాడ మనిషి చిత్తజల్లు పుల్లయ్య. 1942లో జెమినీ వాసన్ కోసం ఆయన బాలనాగమ్మ తీశారు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మాంత్రికుడు. ఈ కథకి రచయితంటూ ఒకడు లేడు. బుర్రకథ వాళ్ళు ఒక రకంగా, నాటకం వాళ్ళు ఒక రకంగా చెప్పేవారు. అయితే మాంత్రికుడి ప్రాణం సప్తసముద్రాల అవతల చిలకలో ఉండి తీరాలి. ఆ ఒక్కటి తీసేస్తే జనం ఊరుకోరు. 1959లో వేదాంతం రాఘవయ్య మళ్ళీ తీసినప్పుడూ చిలక చిలకలాగే ఉంది.

పాతాళ భైరవి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 1951 మార్చిలో వచ్చిన ఆ విజయా వారి సినిమాకి కథ కాశీ మజిలీ కథల నుంచి వచ్చిందని ప్రసిద్ధి. అల్లావుద్దీన్ అద్భుత దీపం పోలికలూ స్పష్టంగానే కనిపిస్తాయి. ఒక కుర్రవాడు, అతన్ని గుహకి తీసుకుపోయే మాంత్రికుడు, కోరినది ఇచ్చే వస్తువు, రాత్రికి రాత్రి లేచిన మేడ, ఆ మేడని రాకుమారితో సహా ఎత్తుకుపోవడం, అన్నీ ఆ కథలోవే. కానీ పింగళి నాగేంద్రరావు, కె.వి. రెడ్డి ఒక చోట వేలు పెట్టి కథని మొదలంటా తిప్పేశారు. అల్లావుద్దీన్ పనిలేక తిరిగే కుర్రాడు, అదృష్టం వాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. తోట రాముడు ఉజ్జయిని తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమించి, రాజు పెట్టిన షరతు కోసం ఐశ్వర్యం వెతుక్కుంటూ తానే బయల్దేరతాడు. మాంత్రికుడికి కావలసింది కూడా అమాయకుడు కాదు, బలి ఇవ్వడానికి తగిన సాహసి. ఆ సాహసే చివరి క్షణంలో మాంత్రికుణ్ణి బలి ఇచ్చి, కోరినది ఇచ్చే పాతాళ భైరవి ప్రతిమని దక్కించుకుంటాడు. అదృష్టం మీద నడిచే కథ సాహసం మీద నడిచే కథ అయింది. (పూలమొక్కలూ నర్సరీలే బతుకుతెరువైన కడియంలో తోటమాలి కొడుక్కి రాకుమారి దక్కడం ఎంత సంబరంగా చూసి ఉంటారో ఊహించుకోవలసిందే.)

మా వైపు మామిడికి అంటు కట్టేవాళ్ళని అడిగితే చెబుతారు. వేరు ఒక చెట్టుది, పైకొమ్మ ఇంకో చెట్టుది. కాపు పైకొమ్మ గుణంతోనే వస్తుంది కానీ వేరు బలంగా లేకపోతే చెట్టే నిలవదు. పాతాళ భైరవికి బాగ్దాదు కథ, కాశీ దారి కథ వేళ్ళు. పైన కాసింది పింగళి కాపు. దీపాన్ని అలాగే ఉంచితే అనువాదమయ్యేది. దీపం స్థానంలో మాట్లాడే దేవత వచ్చేసరికి, ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి అడగాల్సి వచ్చేసరికి, అది మన నేల మీది కథ అయిపోయింది. మార్కస్ బార్ట్లే కెమెరా, గోఖలే, కళాధర్ వేసిన సెట్లు, ఘంటసాల పాటలు అన్నీ ఆ దిశగానే పనిచేశాయి. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు కాకినాడ నాటకరంగంలో రాటుదేలినవాడు. ఆయన ఆ పాత్రకి తెచ్చిన వంకర నవ్వూ గొంతు విరుపూ ఏ పుస్తకంలోనూ లేవు. ఈవేళ కాశీ మజిలీ కథలు తెరిచి చదివినా ప్రతి మాంత్రికుడికీ ఆ గొంతే వినిపిస్తుంది. సినిమా పుస్తకానికి బాకీపడిందో, పుస్తకమే సినిమాకి బాకీపడిందో!

కాశీ మజిలీ కథల్లో సినిమా తీసుకోలేక వదిలేసినది కూడా ఉంది. కథలో కథ, దానిలో ఇంకో కథ, నడిచేవాళ్ళ అలసట, మజిలీకి మజిలీకి మధ్య ఆగడం, ఆ పుస్తకం రుచి అందులోనే ఉంది. రెండున్నర గంటల తెరకి ఒకే దారం కావాలి. ఆ నష్టం నిజమైన నష్టమే. కె.వి. రెడ్డి అంత శుభ్రంగా కథ చెప్పగలవాడు కూడా ఆ అల్లికని పట్టుకోలేదు. బహుశా పట్టుకోవాలని అనుకోలేదు.

ఆరేళ్ళకి మాయాబజార్. శశిరేఖా పరిణయం వ్యాసుడిది కాదు. వ్యాసుడి అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరని. బలరాముడి కూతురు కథ మన నోటి కథల్లోంచి నాటకాల్లోకి వచ్చింది, సురభి వాళ్ళు ఊరూరా ఆడి దాన్ని ఇంటి కథ చేశారు, 1936లోనే ఒకసారి తెరకెక్కింది. 1957లో కె.వి. రెడ్డి, పింగళి చేసిన సాహసం వేరే: పాండవుల కథలో పాండవుల్ని అసలు చూపించలేదు. ఐదుగురు మహావీరులు తెర మీదికి రారు, వాళ్ళ కష్టం మాత్రం కథ నిండా ఉంటుంది. ఇంత పెద్ద మార్పుని ప్రేక్షకులు గమనించనే లేదు. శకుని శకునిగా, కృష్ణుడు అన్నీ తెలిసీ తెలియనట్టు నవ్వే కృష్ణుడిగా, ఘటోత్కచుడు పెద్దల పట్ల వినయం తప్పని రాక్షసుడిగా ఉన్నాక ఇంకెవరికి ఏం కావాలి!

ఆ తర్వాతి జానపదాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గులేబకావళి కథ, మదనకామరాజు కథ 1962లో, ఆలీబాబా 40 దొంగలు 1970లో వచ్చాయి. పేర్లు పుస్తకాలవి, నడక బి. విఠలాచార్య లాంటి వాళ్ళ కత్తియుద్ధాలది. తక్కువ ఖర్చు, ఎక్కువ అస్థిపంజరాలు. ఎవరూ పుస్తకం పట్టుకుని పోల్చి చూడలేదు, పోల్చి చూడాలని అవి అడగనూ లేదు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, నరసాపురం బాపు మాత్రం ఇంకో దారి పట్టారు. 1971లో సంపూర్ణ రామాయణం తీసి, 1975లో ఉత్తర రామాయణం ఛాయని పేరు చెప్పకుండా గోదావరి జిల్లా సంసారంలోకి దించి ముత్యాలముగ్గు చేశారు. అడవి, నింద, కవలలు అన్నీ ఉన్నాయి, సీత పేరు మాత్రం లేదు. మూలానికి అతి దగ్గరగా వచ్చిన సినిమా పోస్టరు మీద మూలం పేరు లేనిదే కావడం నాకు నచ్చే విషయం.

ఇక్కడిదాకా పుస్తకం ఎవరిదీ కాదు, అందరిదీ. 1980లకి వచ్చేసరికి లెక్క మారింది. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వారం వారం పత్రిక కోసం బస్టాండు బడ్డీల దగ్గర కాచుకున్న పాఠకులు వీళ్ళు. అట్ట మీద రచయిత పేరు ఉంది, ప్రతి మలుపూ ఆయనదే, పాఠకుడికి వరస తప్పకుండా గుర్తుంది. ఇప్పుడు మొదటిసారి తెలుగు ప్రేక్షకుడు ఇంగ్లీషు పాఠకుడిలా "పుస్తకంలో ఇలా లేదు" అని ఖచ్చితంగా అనగలిగాడు. అభిలాష (1983), ఛాలెంజ్ (1984), రాక్షసుడు (1986) లాంటి చిరంజీవి సినిమాలకి ఆయన నవలలు బాగా ఒదిగాయి, అవి మంత్రాల కథలు కావు కాబట్టి. క్షుద్రవిద్య కథల సంగతి అలా లేదు. తులసిదళం 1985లో కన్నడంలో సినిమా అయింది. దాని తరువాయి నవల తులసి 1986లో తెలుగులో కాష్మోరాగా వచ్చింది.

తులసిదళం మూఢనమ్మకాల్ని పెంచుతోందని అప్పట్లో చాలా తిట్టారు. ఆ నవల నిజంగా చేసింది అంతకంటే గడుసైన పని. పసిపిల్ల జబ్బుకి చేతబడి ఒక కారణం, వైద్యం ఒక కారణం, మనసు ఒక కారణం. దేనివల్ల నయమైందో పాఠకుణ్ణే తేల్చుకోమని వదిలేస్తుంది. కాగితం మీద ఈ గోడమీది పిల్లివాటం సాగుతుంది, ఎందుకంటే మాంత్రికుడు పూజ చేస్తున్నాడని చెప్పడం వేరు, ఆ పూజ పనిచేసిందని చెప్పడం వేరు. కెమెరాకి ఆ తేడా చాలా కష్టం. పుర్రె కళ్ళల్లో ఎర్రలైటు వెలిగించి వెనక సంగీతం పెంచిన మరుక్షణం సందేహం చచ్చిపోతుంది, ప్రేక్షకుడు మాంత్రికుడి పక్షాన తీర్పు విన్నట్టే. సంఘటనలన్నీ వరసగా పెట్టినా ఇలాంటి నవలకి ద్రోహం జరిగిపోవచ్చు. మూలంలో కాపాడవలసింది ఆ అద్భుతలోకపు చట్టం. అక్కడ ఏది సాధ్యం, ఏది కాదు, ఏది తేలని విషయం అన్నది.

బయటి ప్రపంచంలో జరిగిన గొడవల్ని ఈ కోణంలోంచి చూస్తే కొన్ని తేటపడతాయి. 1939లో ద విజర్డ్ ఆఫ్ ఓజ్ తీసినవాళ్ళు పుస్తకంలోని వెండి చెప్పుల్ని కొత్తగా వచ్చిన రంగుల తెర కోసం కెంపు రంగు చెప్పులు చేస్తే ఎవరికీ బాధ కలగలేదు. చెప్పుల శక్తి మారలేదు మరి. పీటర్ జాక్సన్ ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ లోంచి టామ్ బాంబడిల్ అనే పాత్రని పూర్తిగా లేపేస్తే అభిమానులు కొన్నాళ్ళు గొణిగి సర్దుకున్నారు. ఉంగరం మనిషిని ఎలా చెడగొడుతుందో ఆ సినిమాలు పొల్లుపోకుండా పట్టుకున్నాయి. అదే దర్శకుడు ద హాబిట్ అనే చిన్న పుస్తకాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలుగా సాగదీసినప్పుడు మాత్రం ఆ మన్నన దొరకలేదు. ద నెవరెండింగ్ స్టోరీ రచయిత మైఖేల్ ఎండే 1984 నాటి సినిమా చూసి తన పేరే తీసెయ్యమన్నాడు. హ్యారీ పోటర్ మొదటి రెండు సినిమాలు పుస్తకం పేజీల వెంట బుద్ధిగా నడిచాయి. 2004లో వచ్చిన మూడోది స్వేచ్ఛ తీసుకుంది. నాకు మూడోదే గుర్తుంటుంది.

మళ్ళీ మన దగ్గరికి. 1994లో భైరవద్వీపం. చందమామ విజయా కంబైన్స్ తీసింది, దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, కథ రావి కొండలరావు. ఏ పుస్తకానికీ అనుసరణ కాదు. కానీ చూస్తున్నంతసేపూ ఎప్పుడో చదివిన పుస్తకమే అనిపిస్తుంది. ఒక జాతి పుస్తకాలన్నిటికీ ఒకేసారి కట్టుబడిన సినిమా అది. గోదావరి అవతలి గట్టున కొవ్వూరు మూలాలున్న విజయేంద్రప్రసాద్ కథ రాయగా, ఆయన కొడుకు రాజమౌళి తీసిన బాహుబలి (2015, 2017) కూడా ఆ కోవదే. దాని దగ్గర దారి తిరగబడింది కూడా. సినిమా ముందు వచ్చింది, 2017లో ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో ద రైజ్ ఆఫ్ శివగామి అనే నవల రాశారు. ఈసారి తెరకి కట్టుబడాల్సిన బాధ్యత పుస్తకానిది.

2024 జూన్‌లో వచ్చిన కల్కి 2898 ఏడీ మరో మెలిక పెట్టింది. సౌప్తిక పర్వంలో కృష్ణుడు అశ్వత్థామకి మూడు వేల ఏళ్ళ శాపం ఇస్తాడు. సినిమాలో కురుక్షేత్రం తర్వాత ఆరు వేల ఏళ్ళు గడిచినా అతను తిరుగుతూనే ఉంటాడు. దీని మీద ఎక్కడా పెద్ద గొడవ కాలేదు. గొడవ అయింది కర్ణుడి మీద. అర్జునుడికంటే కర్ణుణ్ణి పైకెత్తారని ఒక పక్షం, మీకు కర్ణుడి గొప్ప తెలియదని ఇంకో పక్షం. రెండో పక్షం చూపిన సాక్ష్యాలు వింటే చాలావరకు 1977 నాటి దానవీరశూర కర్ణలోవే. అంకెలు రెట్టింపు చేస్తే పట్టించుకోని జనం, ఒక వీరుడి గుణంలో ఇసుమంత తేడా కనిపించగానే రాత్రంతా వాదించుకున్నారు. ఇందులో వింతేమీ లేదు, చిలకమర్తి నాటకం ఆడిన రోజుల నుంచీ ఇదే వరస.

ఇంకా తెరకెక్కనివి కొన్ని ఉన్నాయి. పాతాళ భైరవి తీసిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1947లో చందమామ మొదలుపెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ సీరియళ్ళు తరాల పిల్లల్ని నిద్రపోనివ్వలేదు. అప్పట్లో సీరియల్ మీద ఆయన పేరు కూడా వేసేవారు కాదు. ఎవరైనా ఇప్పుడు వాటిని పూనుకుని తీస్తే మూలం ఏదన్న తగువు దాసరి వాక్యాల దగ్గర రాదు. వాటికి చిత్ర అనే చిత్రకారుడు గీసిన బొమ్మల దగ్గర వస్తుంది. తలపాగా మడత, మాంత్రికుడి గడ్డం పొడుగు, రాక్షసుడి కోర ఏ పక్కకి తిరిగిందో, ఇవన్నీ పాత సంచికలు దాచుకున్నవాళ్ళు ఫ్రేము ఫ్రేముకీ సరిచూసుకుంటారు. మాటకంటే బొమ్మకి కట్టుబడమని దర్శకుణ్ణి నిలదీస్తారు. ఆ పని ఒప్పుకునే దర్శకుడు ముందుగా వెళ్ళి చూడాల్సింది ఆ బొమ్మల్నే.